విశాఖ రేవు పాత ఫొటోను చదవడం, దాచడం, అందులోని మనుషులకు పేర్లు రాయడం ఎలా

వలస పాలన కాలపు విశాఖపట్నం ఫొటోలంటే లండన్‌లోనో చెన్నైలోనో గాజు పెట్టెల్లో ఉంటాయని అనుకుంటాం. మన ఇళ్లలోనూ ఉన్నాయి. ట్రంకుపెట్టె అడుగున పాత శుభలేఖల కింద, గోడకు వేలాడే తాతగారి పటం వెనక అట్టలో, నల్ల కాగితాల ఆల్బములో దొరుకుతాయి. వాటిలో ఓడ పేరు చదవగలిగేంత స్పష్టంగా కనిపిస్తుంది. దొరగారి పేరు ఒక్కోసారి కింద సిరాతో రాసి ఉంటుంది. ఆ దొరను అలలు దాటించి ఒడ్డుకు చేర్చిన పడవ మనిషి పేరు మాత్రం ఉండదు. ఇలాంటి ఫొటోలకు ‘దేశీ పడవవాళ్లు’, ‘కూలీలు’ అన్న తరహా శీర్షికలే ఎక్కువ.

ఆ లోటు తీర్చడం మన చేతుల్లో ఉంది, సమయం మాత్రం తక్కువ. ఫొటోను ఎలా పట్టుకోవాలో, కాలం ఎలా కట్టాలో, కాపీ ఎలా తీయాలో వరుసగా చెబుతాను. ఈ పనులన్నీ ఒకే పనికి సన్నాహం. తెలిసినవాళ్లు ఉండగానే ఆ మనుషుల పేర్లు అడిగి రాసుకోవాలి. విశాఖను ఉదాహరణగా తీసుకున్నాను. కాకినాడ, భీమునిపట్నం, మచిలీపట్నం ఫొటోలకు కూడా ఇందులో చాలా భాగం పనికొస్తుంది.

ముందు చేయకూడనివి

శుభ్రమైన బల్లమీద ఉతికిన తెల్లగుడ్డ పరచండి. చేతులు సబ్బుతో కడిగి పూర్తిగా ఆరనివ్వండి. కొబ్బరినూనె గానీ, క్రీము గానీ ఉండకూడదు. ఫ్యాను ఆపండి. ఫొటోను అంచులతోనే పట్టుకోండి. గాజు నెగెటివ్ అయితే రెండు చేతులతో పట్టుకోండి, నూలు తొడుగులు వద్దు, అవి జారతాయి. పలుచని రబ్బరు తొడుగులు మేలు.

పటంలోని ఫొటో గాజుకు అంటుకుపోయి ఉంటే ఊడదీయకండి. సముద్రతీరపు ఉక్కకు ఫొటోమీది జెలటిన్ పొర మెత్తబడి గాజును పట్టుకుంటుంది. లాగితే పొర గాజుమీదే ఉండిపోతుంది, మీ చేతికి ఉత్త కాగితం వస్తుంది. గాజుతో సహా అలాగే కాపీ తీయండి. ఆల్బమ్ పేజీకి అంటించిన ఫొటోలదీ ఇదే దారి. పేజీ మొత్తాన్ని ఒకసారి, ఒక్కో ఫొటోను మరోసారి కాపీ చేయండి. ఆ ఫొటోలు ఏ వరుసలో ఉన్నాయన్నది కూడా సమాచారమే. తడిగుడ్డతో తుడవకండి. చిరిగినచోట జిగురు టేపు అంటించకండి.

లామినేషన్ అసలే వద్దు. మా ఇంట్లో నలుగురు కలిసి దిగిన ఫొటో ఒకటి ఉండేది. ‘ఇక పాడవదు’ అన్న భరోసాతో ఒక దుకాణంలో లామినేషన్ చేయించారు. ప్లాస్టిక్ వేడికి అంటుకుంది, పొరలో బుడగలు లేచాయి, వాటిలో ఒకటి సరిగ్గా ఒక మనిషి ముఖంమీదనే లేచింది. ఆయన ఎవరో చెప్పగలిగిన పెద్దమ్మ అప్పటికే లేదు. ఆ ముఖం పోయింది, పేరూ పోయింది.

పటం విప్పగలిగితే వెనక అట్టకింద చూడండి. పటం కట్టినవాళ్లు చాలాసార్లు అట్టకు ఆనింపుగా పాత వార్తాపత్రిక ముక్క పెడతారు. దానిమీద తేదీ ఉంటే పటం ఆ తేదీకి ముందు కట్టింది కాదని తెలుస్తుంది. ఫొటో మాత్రం అంతకన్నా పాతది కావచ్చు. ఆ ముక్కను పారేయకుండా విడిగా దాచండి.

ఫిల్ము నెగెటివ్‌లు దొరికితే మరో జాగ్రత్త అవసరం. 1950ల తొలినాళ్ల వరకు వచ్చిన ఫిల్ములో కొంత నైట్రేట్‌తో చేసింది. అది తేలిగ్గా అంటుకుంటుంది, అంటుకుంటే నీళ్లకు ఆరదు. గోధుమరంగుకు తిరిగి, జిగటగా మారి, ఘాటైన వాసన వేస్తుంటే దాన్ని దీపం, పొయ్యి, ఎండ సోకని చల్లని చోట, మిగతా ఫొటోలకు దూరంగా, కాగితంలో చుట్టి పెట్టండి. గాలి చొరని డబ్బాలో బిగించకండి. మ్యూజియంలోనో పాత పత్రాల భాండాగారంలోనో ఫొటోల సంరక్షణ తెలిసినవారిని అడిగి వారు చెప్పినట్టు చేయండి. అంచుమీద ‘సేఫ్టీ’ అని ముద్రించి ఉంటే సాధారణంగా ఆ భయం లేదు. అలాంటి ఫిల్ము పాడైతే పుల్లని వెనిగర్ వాసన వస్తుంది, దాన్నీ విడిగా ఉంచాలి.

వెనకవైపు ముందు చదవండి

అందరూ ముఖాలు చూస్తారు. మీరు ముందు వెనక్కి తిప్పండి. స్టూడియో ముద్ర, పెన్సిలుతో వేసిన సంఖ్య, ఊరి పేరు రాసిన తీరు, తపాలా ముద్ర, ఏది ఉన్నా ఉన్నది ఉన్నట్టు రాసుకోండి. అక్షరదోషం ఉన్నా దిద్దకండి. ఇంగ్లిషులో ‘విజగపటం’ అని ఉంటే అది వలస పాలన నాటి రాత. ‘వాల్తేరు’ అని ఉంటే మరింత శ్రద్ధగా చూడాలి. ఆ రోజుల్లో వాల్తేరు అంటే పాత పట్నానికి ఉత్తరాన ఎత్తుమీద దొరల బంగళాలున్న ప్రాంతం. రైల్వే స్టేషను పేరు కూడా వాల్తేరే. కాబట్టి ఆ మాట ఒక్కటి చూసి ఫొటో ఎక్కడిదో తేల్చకండి.

స్టూడియో ముద్రలో మద్రాసు పేరుంటే ఆశ్చర్యం లేదు. నికొలస్, వీలే అండ్ క్లైన్ వంటి మద్రాసు స్టూడియోలు ఆ రోజుల్లో పేరున్నవి, హిగిన్‌బాథమ్స్ సంస్థ చిత్రాల కార్డులు అచ్చువేసేది. బర్మాలోని రంగూను (మనవాళ్ల నోట ‘రంగం’) ముద్ర ఉంటే ఇంకా ఆగి చూడండి. ఉత్తరాంధ్ర పల్లెల నుంచి పనికోసం ‘రంగం’ వెళ్లినవాళ్లు ఎందరో. విశాఖ, భీమిలి, కాకినాడ రేవుల నుంచే ఓడ ఎక్కేవారు. అక్కడి స్టూడియోలో కొత్త కోటు తొడుక్కుని దిగిన ఫొటోను ఇంటికి పంపేవారు. అది మీ ఊళ్లో తీసిన ఫొటో కాకపోయినా మీ రేవు కథలో భాగమే, కనుక పక్కన పెట్టేయకండి.

కార్డుమీద తపాలా బిళ్ల ఉంటే పని తేలిక. 1902 నుంచి ఏడో ఎడ్వర్డు బొమ్మ, 1911 నుంచి అయిదో జార్జి బొమ్మ, 1937 నుంచి ఆరో జార్జి బొమ్మ వచ్చాయి. స్వతంత్ర భారతపు తొలి బిళ్ల 1947 నవంబరులో వచ్చింది. బిళ్ల చెప్పేది కార్డు పంపిన కాలమేనని గుర్తుంచుకోండి. ఫొటో తీసి ఏళ్లు గడిచాక కూడా అదే బొమ్మతో కార్డులు అచ్చయ్యేవి. వెనక భాగం నిలువు గీతతో రెండుగా విడి ఉంటే అది 1902 తర్వాతి కార్డు. చిరునామా పక్కన సందేశం రాసుకునే వీలు మొదట బ్రిటన్‌లో ఆ ఏడే వచ్చింది.

కాగితం సంగతి క్లుప్తంగా

పలుచని కాగితం, దళసరి అట్టకు అంటించి ఉంది, పసుపు కలిసిన గోధుమరంగు, భూతద్దంలో కాగితపు పోగులు కనిపిస్తున్నాయి అంటే గుడ్డు తెల్లసొనతో చేసిన ఆల్బుమిన్ ముద్ర కావచ్చు. 1850లలో మొదలై 1890ల దాకా అదే ఎక్కువ. పోగులు కనిపించకుండా పైన నున్నటి పొర ఉండి, నల్లని భాగాలను ఏటవాలుగా చూస్తే వెండి మెరుపు తోస్తే జెలటిన్ ముద్ర, అంటే దాదాపు 1890ల తర్వాతిది. భూతద్దంలో చుక్కలు చుక్కలుగా కనిపిస్తే అది అసలు ఫొటో కాదు, అచ్చు యంత్రం మీద వేసిన బొమ్మ. ఇంతవరకు తెలిస్తే చాలు. ఇంతకన్నా గట్టి సాక్ష్యం ఫొటోలోనే ఉంది.

రేవు చెప్పే కాలం

మొదట ఫొటో తిరగబడిందేమో చూడండి. నెగెటివ్‌ను తప్పువైపు పెట్టి ముద్రిస్తే కుడి ఎడమలు మారిపోతాయి. విశాఖలో దీన్ని పట్టడం సులువు. పట్నం ఒడ్డున నిలబడి దక్షిణంగా చూస్తే సముద్రం మీ ఎడమచేతి వైపు ఉండాలి, డాల్ఫిన్ ముక్కు కొండ ఎడమవైపుకే సముద్రంలోకి చొచ్చుకుపోవాలి. సముద్రంలో ఓడమీది నుంచి తీస్తే ఆ కొండ ఎడమన, పాత పట్నం కుడిన, మధ్యలో రేవు మొగ ఉండాలి. ఇలా లేకపోతే అద్దంలో పెట్టి చూడండి, బొమ్మ సరిగ్గా కుదురుతుంది. తూర్పు తీరం కనుక ఉదయపు వెలుగు సముద్రం వైపు నుంచి వస్తుంది. ముఖాలమీద సముద్రం వైపు నుంచి వాలువెలుగు పడుతుంటే అది పొద్దుటిపూట.

తర్వాత కొండల వరుస. పాత పట్నంలో రేవు మొగకు ఉత్తరాన మూడు గుట్టలమీద వరుసగా చర్చి, దర్గా, వేంకటేశ్వరస్వామి ఆలయం ఉన్నాయి. ఈ మూడూ ఏ కోణంలో కనిపిస్తున్నాయో చూస్తే ఫొటో తీసినవాడు నిలబడ్డ చోటు దాదాపుగా దొరుకుతుంది. ఫొటో కాపీ పట్టుకుని ఒక ఆదివారం ఉదయం అక్కడికి వెళ్లండి. కొత్త కట్టడాలు అడ్డొస్తాయి గానీ కొండల అంచులు మారలేదు. ఏ గుట్ట ఏ గుట్టను ఎంత మేర కప్పుతోందో పోల్చుకుంటూ అటూ ఇటూ నడవండి. అంచులు కలిసే చోటు వస్తుంది. వందేళ్ల కిందట కెమెరా నిలిచింది అక్కడే.

ఇక అన్నిటికన్నా పెద్ద గుర్తు ఓడ ఎక్కడ ఆగిందన్నది. 1933 వరకు విశాఖలో పెద్ద ఓడ ఒడ్డుకు వచ్చేది కాదు. దూరంగా సముద్రంలోనే లంగరు వేసేది. సరుకూ మనుషులూ పడవల్లో అలలు దాటి రావలసిందే. ఇప్పుడు లోపలి రేవు ఉన్న చోటంతా ఉప్పుటేరు, బురదనేల. 1920ల చివర అక్కడ తవ్వకం మొదలైంది. 1933 అక్టోబరు 7న సింధియా నౌకా కంపెనీ ఓడ ‘జలదుర్గ’ లోపలికి వచ్చింది. ఆ డిసెంబరు 19న వైస్రాయి విల్లింగ్డన్ రేవును లాంఛనంగా ప్రారంభించాడు. కాబట్టి పెద్ద ఓడ జెట్టీకి ఆనుకుని ఉన్న విశాఖ ఫొటో ఏదైనా 1933కు తర్వాతిదే. బురదలో డ్రెడ్జరు (నీటి అడుగు బురద తవ్వే యంత్రం), తట్టలు మోసేవాళ్ల బారులు కనిపిస్తే అది తవ్వకపు రోజులది కావచ్చు. అలాంటి ఫొటో దొరికితే ఎంతో విలువైనదిగా చూడండి. నాకు తెలిసి ఆ తవ్వకం గురించి రాసిన చోటల్లా ఇంజినీర్లే కనిపిస్తారు, తట్ట మోసినవాళ్లు ఒక అంకెగా కూడా కనిపించరు.

ఓడ ముందుభాగంలోనూ వెనకభాగంలోనూ పేరు రాసి ఉంటుంది. వెనక పేరు కింద అది నమోదైన రేవు పేరు ఉంటుంది. పేరు ‘జల’తో మొదలైతే సింధియా వారిది అనుకోవచ్చు. నల్లని పొగగొట్టంమీద రెండు తెల్లపట్టీలుంటే బ్రిటిష్ ఇండియా స్టీమ్ నావిగేషన్ కంపెనీది, రంగూను వైపు మనవాళ్లను మోసిన ఓడలు ఆ కంపెనీవే ఎక్కువ. ఒకే పేరుతో వేరువేరు కాలాల్లో రెండు మూడు ఓడలుండటం మామూలే, అందుకని పేరు దొరకగానే ఆగిపోకుండా తెరచాప కొయ్యలు, పొగగొట్టాల లెక్క కూడా సరిచూడండి.

మరికొన్ని తేదీలు జేబులో పెట్టుకోండి. రైలు పట్టాల పక్కన నల్లని ఖనిజపు గుట్టలు కనిపిస్తే అది మధ్యపరగణాల మాంగనీసు కావచ్చు. దాన్ని రేవుకు తెచ్చిన రాయపూర్–విజయనగరం లైను 1931లో పూర్తయింది. నౌకా నిర్మాణకేంద్రానికి 1941 జూన్ 21న బాబూ రాజేంద్రప్రసాద్ శంకుస్థాపన చేశారు. అక్కడ కట్టిన తొలి ఓడ ‘జలఉష’ను 1948 మార్చి 14న నెహ్రూ జలప్రవేశం చేయించారు. డాల్ఫిన్ ముక్కుమీద ఇప్పుడున్న దీపస్తంభం 1957 నాటిది, అది కనిపిస్తే ఫొటో వలస పాలన నాటిది కాదు, వెనక ఎవరు ఏ ఏడు రాసినా సరే.

దుస్తులు, టోపీలు

నౌకాదళపు మనుషులున్న ఫొటో అయితే భూతద్దం టోపీమీద పెట్టండి. 1934 అక్టోబరులో ‘రాయల్ ఇండియన్ నేవీ’ అన్న పేరు వచ్చింది, అంతకుముందు అది ‘రాయల్ ఇండియన్ మెరైన్’. 1950 జనవరి 26 నుంచి ‘రాయల్’ పోయింది, చిహ్నంలో కిరీటం స్థానంలో అశోకుడి సింహాలు వచ్చాయి. బ్రిటిష్ నావికుల టోపీ పట్టీమీద మామూలుగా ఓడ పేరుంటుంది. ఓడ పేరు లేకుండా దాని ముందుండే ‘హెచ్.ఎం.ఎస్.’ అన్న అక్షరాలే ఉంటే యుద్ధకాలం కావచ్చు, శత్రువుకు తెలియకూడదని అప్పుడు పేరు తీసేశారు. తెల్లచీర మీద నౌకాదళపు గుర్తులతో స్త్రీలు కనిపిస్తే 1944కూ స్వాతంత్ర్యానికీ మధ్య కాలం. నౌకాదళంలో మహిళా విభాగం ఏర్పడింది 1944లోనే.

రెండో ప్రపంచయుద్ధంలో విశాఖ చిన్నపాటి నౌకాస్థావరం, డాల్ఫిన్ ముక్కుమీద ఫిరంగులుండేవి. 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు విశాఖ మీద, కాకినాడ మీద బాంబులు వేశాయి. పట్నం జనం మూటాముల్లె కట్టుకుని పల్లెలకు వెళ్లిపోయారు. అప్పటి బాంబు ఒకటి విశాఖ మ్యూజియంలో ఉంది, ఇంటి పిల్లలను తీసుకెళ్లి చూపించండి. 1946 ఫిబ్రవరిలో బొంబాయిలో మొదలైన నావికుల తిరుగుబాటు విశాఖకూ పాకింది. మీ ఇంట్లో నావికుడి ఫొటో ఉండి, ఆయన 1946లో హఠాత్తుగా ఇంటికి వచ్చేశాడన్న మాట ఎవరినోటనైనా ఉంటే ఆ మాటను తప్పకుండా రాసిపెట్టండి.

పడవలు కూడా మాట్లాడతాయి. మేకులు లేకుండా పలకలను కొబ్బరిపీచు తాడుతో కుట్టిన ఎత్తైన పడవ మసూలా పడవ. అలల దెబ్బకు విరగకుండా వంగుతుంది, అందుకే ఈ తీరంలో అదే ఓడకూ ఒడ్డుకూ మధ్య వారధి. దుంగలు కలిపి కట్టింది తెప్ప. పాత శీర్షికల్లో ఈ రెండూ కలగాపులగంగా ఉంటాయి. ఏది ఏదో మీ కళ్లతో చూసి రాయండి. మసూలా పడవమీద ఎంతమంది తెడ్లు వేస్తున్నారో లెక్కపెట్టండి, వెనక చుక్కాని పట్టినవాడిని విడిగా గుర్తించండి. అందరి ప్రాణాలూ అతని చేతుల్లో ఉండేవి.

కాపీ తీయడం

పెద్దవాళ్ల దగ్గరికి అసలు ఫొటో తీసుకెళ్లకూడదు, కాబట్టి ముందు కాపీ కావాలి. గాజుపలక ఉన్న స్కానరే వాడండి, కాగితాన్ని లోపలికి లాక్కునేది వద్దు. పోస్టుకార్డు సైజు ఫొటోకు అంగుళానికి 600 చుక్కలు, అంతకన్నా చిన్నదానికి 1200, ఫిల్ము నెగెటివ్‌కు 2400 తక్కువ కాకుండా పెట్టండి. నలుపుతెలుపు ఫొటో అయినా రంగుల పద్ధతిలోనే స్కాన్ చేయండి. మరకేదో నీడేదో ఆ రంగు తేడాలోనే తెలుస్తుంది. ముందువైపు, వెనకవైపు రెండూ తీయండి. టిఫ్ (నాణ్యత తగ్గని ఫైలు) రూపంలో ఒకటి దాచి, దాన్ని ఇక ముట్టుకోకండి. పంపడానికీ దిద్దడానికీ జేపెగ్ కాపీ వేరే చేసుకోండి.

స్కానరు లేకపోతే ఫోను చాలు. కిటికీ పక్కన, నేరుగా ఎండ పడనిచోట, ఫ్లాష్ లేకుండా, ఫోను ఫొటోకు సమాంతరంగా పట్టి తీయండి. ముఖాలను అందంగా మార్చే సౌకర్యం ఆపేయండి.

ఇప్పుడు మసక ముఖాలను స్పష్టం చేస్తామని, రంగులు వేస్తామని చెప్పే కృత్రిమ మేధ పరికరాలు చాలా వచ్చాయి. వాటిని ఈ పనికి వాడవద్దని గట్టిగా చెబుతున్నాను. అవి మసకలో దాగిన ముఖాన్ని బయటకు తీయవు. వేరే వేల ముఖాలను చూసి ఒక కొత్త ముఖాన్ని అల్లుతాయి. ఆ ముఖం చూపించి ‘ఈయన ఎవరు’ అని అడిగితే తొంభై ఏళ్ల అవ్వ ఏమని చెప్పాలి? తలపాగా ఏ రంగో తెలియకుండా వేసిన ఎరుపు నాలుగేళ్లలో నిజమైపోతుంది.

పేర్లు అడగడం

ఇక్కడ తొందరపడకండి. 1942 బాంబుల నాటికి పదేళ్ల పిల్లలు ఇప్పుడు తొంభై దాటినవాళ్లు. వాళ్లను మొదట కలవండి. ఆ తర్వాత వాళ్ల కొడుకులూ కూతుళ్లూ. పెదజాలారిపేట, వన్ టౌన్ వీధులు, కోట వీధి పరిసరాలు, రేవులో కళాసీలుగా పనిచేసినవారి కుటుంబాలు, రైల్వే క్వార్టర్లలో పెరిగినవారు, ఎవరి ఫొటో అయితే వారివైపు నడవండి.

ఫొటోను పెద్ద కాగితంమీద ముద్రించి తీసుకెళ్లండి, ఫోను తెరమీద చూపితే పెద్దవాళ్ల కళ్లకు ఆనదు. రెండు ముద్రలు చేయించండి. ఒకదానిమీద ప్రతి మనిషి పక్కన అంకె వేయండి, రెండోది ఏ రాతా లేకుండా ఉంచండి. ముందు రాత లేనిది ఇవ్వండి. ‘ఈయన మీ మామగారేనా?’ అని మొదలుపెట్టకండి. పెద్దవాళ్లు మర్యాదకు అవునంటారు. ‘ఏమి కనిపిస్తోందమ్మా?’ అని అడిగి ఊరుకోండి. చాలాసేపు ఏమీ మాట్లాడకపోవచ్చు. మధ్యలో అందుకోకండి. వాళ్లు మొదట చెప్పేది తరచుగా మనిషి పేరు కాదు. పడవ గురించో, వెనక కనిపించే గోడ గురించో, అక్కడ అమ్మే చింతపండు గురించో చెబుతారు. పేరు ఆ దారిలోనే వస్తుంది.

ఒక పెద్దాయనకు ఇలాంటి ఫొటో చూపించినప్పుడు ఆయన ముఖాల వైపు చూడనే లేదు. తెడ్డు పట్టిన చేతుల వైపు వేలు పెట్టి, ‘వీడు ఎడమచేతివాడు, మావాళ్లలో ఎడమచేతివాడు ఒక్కడే’ అన్నారు. అప్పుడు పేరు వచ్చింది, ఇంటిపేరు వచ్చింది, ఆయన భార్య ఏ ఊరి ఆడపడుచో కూడా వచ్చింది. భూతద్దంతో వారంరోజులు చూసినా నాకు ఆ చేయి కనిపించలేదు.

ఆడవాళ్లను విడిగా కూర్చోబెట్టి అడగండి. మగవాళ్లు పక్కనుంటే వాళ్లు చెప్పనివ్వరు, లేదా అడ్డుతగిలి దిద్దుతారు. చుట్టరికాలు, పెళ్లిళ్లు, మారుపేర్లు వాళ్లకే బాగా గుర్తు. ‘చిన్నాన్న’ అంటే ఎవరికి చిన్నాన్నో అక్కడే అడిగి రాసుకోండి. ఇంటికి వచ్చాక అది ఎవరికీ తెలియదు. పిలుపుపేరు, అసలు పేరు, ఇంటిపేరు మూడూ విడివిడిగా రాయండి. పడవ భాగాలకు, వలలకు, గాలులకు వాళ్లు వాడే మాటలు వాళ్లు పలికినట్టే రాయండి, పుస్తకపు మాటగా మార్చకండి.

అనుమతి అడిగి ఫోనులో మాటలు రికార్డు చేయండి. మొదట్లోనే తేదీ, ఊరు, మాట్లాడేవారి పేరు, ఫొటో అంకె మీ గొంతుతో చెప్పండి. అదే ఫొటోను మరొకరికి, మొదటివారు చెప్పింది చెప్పకుండా చూపించండి. ఇద్దరూ ఒకే పేరు చెబితే గట్టిది. వేరువేరు పేర్లు చెబితే రెండూ రాయండి, ఎవరు ఏది చెప్పారో రాయండి. మీకు నచ్చినదాన్ని ఎంచుకునే హక్కు మీకు లేదు.

ఒక సంగతి మనసులో పెట్టుకుని వెళ్లండి. వలస పాలకులు మన మనుషులను కులానికో నమూనాగా నిలబెట్టి ఫొటోలు తీయించారు. ఆ ఫొటోలో ఉన్నవారు ఇష్టపడి నిలబడ్డారో లేదో తెలియదు. అలాంటిదాన్ని వారి మనవల చేతిలో పెట్టేటప్పుడు కింది శీర్షికను ముందు మీరే చదివి, నొప్పించే మాట ఉంటే ఆ సంగతి ముందే చెప్పండి. మీ రికార్డులో ఆ శీర్షికను చెరపకండి, మీ మాటగా మాత్రం వాడకండి.

పోల్చి చూడటం

లండన్‌లోని బ్రిటిష్ లైబ్రరీలో ఇండియా ఆఫీసు ఫొటోల సేకరణ, ఇంపీరియల్ వార్ మ్యూజియంలో యుద్ధకాలపు ఫొటోలు, కేంబ్రిడ్జిలోని దక్షిణాసియా అధ్యయన కేంద్రంలో దొరల కుటుంబాల ఆల్బములు, ఇంటి సినిమాలు ఉన్నాయి. కాగితాల కోసం చెన్నై ఎగ్మూరులోని తమిళనాడు ప్రభుత్వ పాత పత్రాల భాండాగారం (ఆర్కైవ్స్) చూడాలి. విశాఖ అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలో భాగం. వెతికేటప్పుడు ఊరి పేరును పాత ఇంగ్లిషు రాతల్లో, రకరకాలుగా కొట్టి చూడండి. ‘వాల్టేర్’, ‘డాల్ఫిన్స్ నోస్’ అని ఇంగ్లిషులో కూడా వెతకండి. మీ ఫొటోకు జత దొరకకపోయినా, అదే చోటును పదేళ్లు ముందో వెనకో తీసినది దొరికితే కాలం బిగించవచ్చు. 1907లో డబ్ల్యూ. ఫ్రాన్సిస్ కూర్చిన జిల్లా గెజిటీరు (జిల్లా వివరాల ప్రభుత్వ గ్రంథం) అప్పటి రేవు ఎలా ఉండేదో సరిచూసుకోవడానికి పనికొస్తుంది.

దాచడం, పంచడం

ఆమ్లం లేని కాగితపు కవర్లలో ఒక్కో ఫొటోను విడిగా పెట్టండి. మామూలు ప్లాస్టిక్ సంచులు, అంటుకునే పేజీల ఆల్బములు వద్దు. గాజు నెగెటివ్‌లను ఒకదానిమీద ఒకటి పేర్చకుండా పొడవాటి అంచుమీద నిలబెట్టండి. సముద్రానికి దగ్గరి ఇంట్లో బయటి గోడకు ఆనిన బీరువా చెమ్మ పట్టేస్తుంది, లోపలి గదిలో, నేలకు ఎత్తుగా పెట్టండి. సిలికా జెల్ పొట్లాలు పెడితే వాటిని నెలనెలా ఆరబెట్టండి. నాఫ్తలీన్ ఉండలు ఫొటోల పక్కన పెట్టకండి. వానాకాలం వెళ్లాక ఒకసారి అన్నీ తెరిచి చూడండి.

పేర్లను ఫొటో వెనక మెత్తని పెన్సిలుతో, అంచు దగ్గర, తేలిగ్గా రాయవచ్చు. పెన్ను ఎప్పుడూ వద్దు, సిరా ముందువైపుకు ఊరుతుంది. వివరమంతా వేరే కాగితంమీద రాసి, ఆ కాగితాన్నీ స్కాన్ చేసి, ఫొటో ఫైలుతో ఒకే పేరు కింద మూడుచోట్ల ఉంచండి. ఒకటి ఇంటికి దూరంగా, మరో ఊళ్లోని బంధువుల దగ్గర ఉండాలి.

నలుగురికీ చూపే ముందు ఫొటోలో ఉన్నవారి కుటుంబాన్ని అడగండి. మన చట్టంలో ఫొటోపై హక్కు 2012 సవరణకు ముందు ప్రచురణ తర్వాత 60 ఏళ్లు ఉండేది, ఇప్పుడు సాధారణంగా ఫొటో తీసినవారి జీవితకాలం, ఆపై 60 ఏళ్లు ఉంటుంది. విదేశీ సంస్థలు ఇచ్చే కాపీలకు వాటి షరతులు వేరే. చట్టం ఒప్పుకున్నా కుటుంబం వద్దంటే ఆగండి. ఒప్పుకుంటే ఒక మంచి ముద్ర చేయించి ఆ ఇంటికి ముందు ఇవ్వండి, ఆ తర్వాతే మిగతావారికి. వివరాల కాగితం ఇలా ఉంటే చాలు:

ఫొటో 7. విశాఖ లోపలి రేవు, జెట్టీ. 1933 తర్వాత, 1947కు ముందు. ఓడ పేరు కనిపించదు, పొగగొట్టంమీద రెండు తెల్లపట్టీలు. నిలబడినవారు ఎడమ నుంచి 1. (పేరు, ఇంటిపేరు, పిలుపుపేరు), చెప్పినవారు మనవరాలు, ఫలానా తేదీన, ఆమె ఇంట్లో. 2. (పేరు), చెప్పినవారు ఇద్దరు, విడివిడిగా, ఒకే పేరు. 3. తలపాగా, చేతిలో కొక్కెం, నవ్వుతున్నాడు. ఇంకా ఎవరూ గుర్తుపట్టలేదు.

మూడో అంకె పక్కన రెండు వరుసల చోటు ఖాళీగా వదలండి.